భావనపాడు బీచ్‌కి వెళ్తున్నారా? మంచి భోజనం కోసం వెతకాల్సింది ఒడ్డున కాదు!

సంక్రాంతి సెలవులైనా, కార్తీకంలో ఆదివారమైనా శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరం జనంతో నిండిపోతుంది. ఫోటోలు, రీల్స్, అలల్లో ఆటలు.. ఒంటిగంట దాకా అంతా హ్యాపీనే. ఆ తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. పిల్లలు ఆకలంటారు. చుట్టూ చూస్తే చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులే కనిపిస్తాయి. సముద్రం పక్కనే ఉండి కూడా చేపల కూర దొరకదా అనిపిస్తుంది. దొరుకుతుంది. కాకపోతే దానికో టైం ఉంది, అడిగే పద్ధతి ఉంది. అదేంటో చూద్దాం.

ఒడ్డున మంచి హోటల్ ఎందుకు నిలబడదు?

జనం వచ్చేది ఆదివారాలు, పండగలకే. మిగతా రోజుల్లో ఒడ్డున కనిపించేది పడవలు, వలలు, మత్స్యకారులే. వారానికి ఒక్క రోజు బేరం కోసం వంటమనిషిని, సరుకుని ఏడు రోజులూ పోషించడం చిన్న వ్యాపారి వల్ల కాదు. అందుకే పాడవని ప్యాకెట్ సరుకు, అప్పటికప్పుడు నూనెలో వేసిచ్చే ఐటమ్సే ఎక్కువ.

ఇది భావనపాడు ఒక్కదాని సమస్య కాదు. మంచు మీద స్కీయింగ్‌కి పేరున్న కశ్మీర్‌లోని గుల్మార్గ్‌నే తీసుకోండి. కొండ మీదికి ప్రతి సరుకూ కింది నుంచి ఎక్కాల్సిందే. ఈరోజు తిన్న టూరిస్టు రేపు మళ్లీ రాడు. కొండ కింద టంగ్‌మార్గ్ బజారు అలా కాదు, అక్కడ స్థానికులు ఏడాదంతా తిరుగుతారు. వంట బాగోకపోతే మర్నాటికి బేరం పోతుంది. సీజన్ ఊళ్లు ఎక్కడున్నా లెక్క ఒక్కటే.. టూరిస్టు ఒక్కసారి తినే చోటు కంటే, ఊరివాళ్లు రోజూ తినే చోటే నమ్మకం.

భావనపాడుకి అలాంటి బజార్లు నౌపడ, టెక్కలి, పలాస-కాశీబుగ్గ. టెక్కలిలో ఆఫీసులు, ఆర్టీసీ ప్రయాణికులు, హైవే మీది లారీల వాళ్లు. పలాసలో హౌరా-చెన్నై లైన్ రైల్వే స్టేషన్, జీడిపప్పు పరిశ్రమల కార్మికులు. వీళ్ల కోసం రోజూ పొయ్యి వెలిగే మెస్‌లు, భోజన హోటళ్లు ఉంటాయి. బోర్డు చిన్నదే కావచ్చు, అన్నం మాత్రం వేడిగా ఉంటుంది.

టైం తప్పితే కూర అయిపోతుంది

చిన్న పడవల్లో వేటకెళ్లిన వాళ్లు చాలావరకు ఉదయానికే ఒడ్డుకొస్తారు. చేపల్ని అక్కడే పాట పాడుకుని కొంటారు. బుట్టల్లో, ఆటోల్లో అవి ఊళ్లలోని మార్కెట్లకు వెళ్లిపోతాయి. మధ్యాహ్నం ఒడ్డుకెళ్లి తాజా చేప ఏదని అడిగితే అప్పటికే మంచి సరుకు దాటిపోయి ఉంటుంది.

మెస్‌లదీ అదే కథ. పొద్దున్న దొరికిన చేపతో ఒక గిన్నె కూర వండుతారు, అయిపోతే అంతే. రెండు దాటాక వెళ్తే సాంబారు, గుడ్డు కూరతో సరిపెట్టుకోవాలి. అందుకే బీచ్‌కి వెళ్లే దారిలోనే ఆగి, ఎంతమంది, ఎన్నింటికి వస్తారో చెప్పి, కొంత అడ్వాన్స్ ఇచ్చి వెళ్లండి. ఊళ్లో వండి పెట్టేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. రేటు మాత్రం వంటకి ముందే మాట్లాడుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు జాగ్రత్త

చేపలు గుడ్లు పెట్టే కాలం కావడంతో తూర్పు తీరంలో ఏటా 61 రోజులు మరబోట్లు, ఇంజిన్ పడవలతో వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవుల టైం! ఈ రోజుల్లో ఎవరైనా పెద్ద వంజరం చూపించి పొద్దున్నే పట్టిందంటే ఒకటికి రెండుసార్లు అడగండి. అది ఐస్‌లో దాచిన సరుకు కావచ్చు. ఐస్‌లో పెట్టినంత మాత్రాన చేప చెడ్డదైపోదు, కానీ తాజా చేప రేటు ఇవ్వాల్సిన పని లేదు. నిషేధంలో చెరువు చేప, చెరువు రొయ్య, లేదంటే ఎండు చేపల కూర అడగడం తెలివైన పని. నెత్తళ్లు వేసిన వంకాయ కూర ఉంటే వదలకండి.

మిగతా రోజుల్లో చేపని చూసి తెలుసుకోవచ్చు. కళ్లు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. ఘాటైన వాసన వస్తే ఎంత మసాలా వేసినా లాభం లేదు.

హోటల్‌ని ఎలా గుర్తుపట్టాలి?

ఫోన్‌లో రేటింగ్ చూడటం తప్పు కాదు. కానీ చిన్న ఊళ్లలో రివ్యూలు తక్కువ, ఉన్నవీ పాతవే కావచ్చు. స్టార్ల కంటే తేదీ చూడండి, ప్లేటులో ఏముందో ఫోటో చూడండి.

ఇంకా మంచి దారి.. మనుషుల్ని అడగడం. అయితే ఇక్కడ మంచి హోటల్ ఏదని అడిగితే, మీ కారు చూసి ఏసీ ఉన్నది చెబుతారు. దాని బదులు "అన్నా, మీరు ఈ పూట ఎక్కడ తిన్నారు?" అని ఆటో డ్రైవర్‌ని, "అమ్మా, ఈ రోజు ఏం చేపలు పడ్డాయి? ఏ హోటల్ వాళ్లు పట్టుకెళ్లారు?" అని చేపలమ్మే ఆమెని అడగండి. ఒకే పేరు రెండుసార్లు వినబడితే అక్కడికే వెళ్లండి.

లోపలికెళ్లాక చూడాల్సినవి మూడు. మెనూ పొట్టిగా ఉందా? బిర్యానీ నుంచి నూడుల్స్ దాకా నలభై రకాలు ఉంటే అన్నీ తాజావి కావడం కష్టం. ప్లేట్లు కడిగే చోటు శుభ్రంగా ఉందా? ఊరివాళ్లు తింటున్నారా? మూడూ అవునైతే కూర్చోవచ్చు.

ఇక్కడికొచ్చి ఇవి తినకపోతే ఎలా?

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. ఎండలు ముదరకముందు లేత పనసకాయ వస్తుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉందేమో అడగండి. వేసవిలో ముంజలు, పచ్చి జీడిపప్పు కూర. పొద్దున్నపూట చోడి అంబలి దొరికితే ఎండకి అంతకంటే మంచిది లేదు. తియ్యగా కావాలంటే మందస కోవా.

పలాసలో జీడిపప్పు కొనేవాళ్లు నంబర్ల సంగతి తెలుసుకోవాలి. డబ్ల్యూ-210, డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అంటే ఒక పౌండుకి, అంటే దాదాపు 454 గ్రాములకి సుమారుగా అన్ని గుళ్లు తూగుతాయని అర్థం. నంబర్ తగ్గేకొద్దీ పప్పు సైజు, రేటు పెరుగుతాయి. కూరకి, పాయసానికి బద్ద చాలు, డబ్బు మిగులుతుంది. ఇక్కడి పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా వస్తాయి. లోకల్ పిక్క పప్పే కావాలంటే అడిగి, ఒకటి నోట్లో వేసుకుని చూసి కొనండి.

ఉద్దానంలో తింటే కిడ్నీలకు ప్రమాదమా?

చాలామంది బయటకి అడగలేక, లోపల భయపడే ప్రశ్న ఇది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు నిజం. వేల కుటుంబాలు దానితో పోరాడుతున్నాయి. ఫలానాదే కారణమని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. కానీ అది అంటువ్యాధి కాదు. రోగి వడ్డిస్తేనో, పక్కన కూర్చుంటేనో రాదు. ఒక్క పూట భోజనంతో వచ్చే జబ్బూ కాదు. హిరమండలం రిజర్వాయర్ నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. ప్రయాణంలో ఎక్కడైనా పాటించే జాగ్రత్త చాలు, శుద్ధి చేసిన నీళ్లు లేదా మీ కళ్లముందు కొట్టిన కొబ్బరి బోండం. భయంతో ఇక్కడి తిండినే దూరం పెడితే, జబ్బుతో ఇప్పటికే నలిగిన ఊళ్లకి అది రెండో దెబ్బ.

మీ భోజనం డబ్బు ఎవరికి చేరుతుంది?

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. వేట గిట్టుబాటు కాక జిల్లా మత్స్యకారులు ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్‌కి వలస వెళ్తున్నారు. అలా వెళ్లి 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన వాళ్ల కథే 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం. వేట నిషేధ కాలానికి ప్రభుత్వం కుటుంబానికిచ్చే సాయం 2025 ఏప్రిల్‌లో 20 వేల రూపాయలకి పెరిగింది. రెండు నెలల బతుక్కి అది ఏ మూలకి సరిపోతుందో లెక్క కష్టం కాదు.

ప్యాకెట్ చిప్స్‌కి ఇచ్చిన డబ్బు ఊరు దాటిపోతుంది. ఊళ్లో వండించుకున్న చేపల కూర డబ్బు పడవకి, బుట్టకి, పొయ్యికి పంచుకుంటుంది.

ఈ ఆదివారం ప్లాన్ ఇలా

ఉదయం టెక్కలిలో గానీ పలాసలో గానీ టిఫిన్ చేసి, అక్కడే మధ్యాహ్నం భోజనం చెప్పుకోండి. చలికాలమైతే దారిలో తేలినీలాపురంలో పెలికాన్ పక్షుల్ని చూడొచ్చు. పొద్దున్నే బీచ్‌కి చేరితే పడవలు రావడం కూడా కనిపిస్తుంది. అలల్లో లోపలికి వెళ్లొద్దు. ఒంటిగంటలోపు తిరుగు ప్రయాణమైతే వేడి అన్నం గ్యారంటీ. కార్తీకమాసంలో వనభోజనాలకైతే సరుకులు ముందురోజే కొనుక్కోండి, విస్తరాకులు, చెత్త సంచి మర్చిపోవద్దు.