హార్స్‌లీ హిల్స్‌లో పసుపు తల పిట్ట.. బండరాళ్ల గుట్టే దీని ఇల్లు! మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎక్కడెక్కడ ఉంటుందంటే?

హార్స్‌లీ హిల్స్ అంటే చాలామందికి చల్లగాలి, యూకలిప్టస్ చెట్లు, కొండ అంచున సెల్ఫీలు. కెమెరాలు భుజాన వేసుకుని తెల్లారకముందే ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు మాత్రం వేరే దాని కోసం వస్తారు. అదే పసుపు గొంతు బుల్‌బుల్. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ పిట్ట లేదు.

సైజు జానెడు, అంటే 20 సెంటీమీటర్లు. తల, గొంతు మెరిసే పసుపు రంగు. ఛాతీ బూడిద రంగు. తోక కింద మళ్లీ పసుపు. ఆడ, మగ ఒకేలా ఉంటాయి.

మన ఇళ్ల దగ్గర అరిచే ఎర్ర పిరుదుల పిగిలి పిట్టకు ఇది దగ్గరి చుట్టమే. రెండూ పాసెరిఫార్మిస్ క్రమంలో, పిక్నోనోటిడే కుటుంబంలోనివి. దీని శాస్త్రీయ నామం పిక్నోనోటస్ గ్జాంతోలీమస్. గ్రీకులో ‘పసుపు గొంతు’ అని అర్థం. ఆ పేరు పెట్టింది 1840ల్లో నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్. తెలుగువాళ్లు పిలిచే పేరును కూడా ఆయన తన పక్షుల పుస్తకంలో రాసుకున్నాడు: కొండ పొద పిగిలి. గ్రీకు పేరు రంగు వరకే చెబుతుంది. తెలుగు పేరు అడ్రస్ కూడా చెప్పేస్తుంది. కొండ ఉండాలి, కొండ మీద పొద ఉండాలి.

అలాగని ఏ కొండ పడితే ఆ కొండ పనికిరాదు. పెద్ద పెద్ద బండలు పేర్చినట్టుండి, సందుల్లో ముళ్లపొదలు, చిన్న చిన్న పండ్ల చెట్లు ఉన్న వాలు కావాలి. పండ్లు, పురుగులే దీని తిండి. అందుకే హార్స్‌లీ హిల్స్‌లో కూడా పైన నాటిన యూకలిప్టస్ తోపుల్లో కంటే వాలు మీది పొదల్లోనే వెతకాలి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్తుంటే రోడ్డుకు రెండువైపులా అలాంటి రాళ్ల గుట్టలే కనిపిస్తాయి. పుంగనూరు అంటే పొట్టి ఆవు గుర్తొస్తుంది, ఈ పిట్టకు ఆ పేరు రాలేదు పాపం. ఏనుగుల కోసం 1990లో ఏర్పాటైన కౌండిన్య అభయారణ్యంలో కూడా ఇది ఉన్నట్టు నమోదైంది. అటు కర్ణాటకలో నంది హిల్స్, తమిళనాడులో జింజి కొండలు, కేరళలో చిన్నార్ వరకు దీని ఉనికి ఉంది.

మ్యాప్‌లో చూస్తే పెద్ద ఏరియానే. కానీ ఉండేది మాత్రం ముక్కలు ముక్కలుగా. ఒక గుట్టకూ ఇంకో గుట్టకూ మధ్య పొలాలు, ఊళ్లు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా గుట్టల్లో ఉన్నది గ్రానైట్. చెట్టు కొడితే మళ్లీ మొలుస్తుంది, కోసేసిన గుట్ట మాత్రం తిరిగి రాదు. క్వారీలకు తోడు వేసవి మంటలు, వంట చెరకు కోసం పొదలు నరకడం, లాంటానా కంప కమ్మేయడం. దట్టమైన అడవి కాదు కాబట్టి ఈ ముళ్లపొదలను ‘ఖాళీ జాగా’ కింద లెక్కేయడం ఇంకో పొరపాటు. ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో ఈ పిట్టను ‘ముప్పు పొంచి ఉన్న’ జాబితాలో చేర్చారు.

వీడియో కోసం వెళ్లేవాళ్లకు ఒక మాట. ఫోన్‌లో దీని కూత ప్లే చేసి రప్పించే ట్రిక్ వద్దు. వేరే పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని కంగారు పడుతుంది, గూడు వదిలి బయటికొస్తుంది. ఉదయం ఎండ ముదరక ముందు పండ్ల పొద దగ్గర కదలకుండా కూర్చుంటే చాలు. అక్కడే దీని చుట్టం పొద పిగిలి కూడా తిరుగుతుంటుంది, పొరబడొద్దు. కంటిపైన తెల్ల గీత ఉంటే అది పొద పిగిలి. తల మొత్తం పసుపు రంగులో ఉంటే కొండ పొద పిగిలి.