ఆఫ్టర్‌మార్కెట్

కారు షోరూం దాటాక దానికి అవసరమయ్యే బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, బ్యాటరీలు వగైరా విడిభాగాల వ్యాపారమంతా ఆఫ్టర్‌మార్కెట్ కిందికే వస్తుంది. చాలా దేశాల్లో ఈ గిరాకీ కొంత ఆన్‌లైన్‌కు మళ్లింది. ఆన్‌లైన్ అమ్మకాలకు గోదాములు కావాలి. తెలంగాణ పద్మశాలీలు మరమగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లిన, ముంబయి దగ్గరి భివండి ఇప్పుడు దేశంలోని పెద్ద గోదాముల కేంద్రాల్లో ఒకటి. 2017లో జీఎస్టీ వచ్చేదాకా ముంబయిలో అడుగుపెట్టే సరుకుపై ఆక్ట్రాయ్ అనే ప్రవేశ పన్ను ఉండేది. ముంబయి నగర హద్దుకు బయట, నాసిక్ హైవే మీద ఉండటం భివండికి కలిసొచ్చింది.

ఆన్‌లైన్‌లో కొనేవారికి అసలు చిక్కు, భాగం సరిపోతుందా అన్నదే. ఒకే మోడల్‌లోనూ ఏడాది, ఇంజిన్ మారితే భాగం మారొచ్చు. 17 అక్షరాలు, అంకెలుండే ఛాసీ నంబరుతో సరిచూసుకున్నాకే ఆర్డర్ పెట్టాలి.

విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదంటూ 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. వీధి మెకానిక్‌కూ అసలైన భాగం అందాలన్న కమిషన్ వాదన న్యాయమైనదే. ఇక పన్ను విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటిపైనా జీఎస్టీ 18 శాతం.