ఎర్రదీపం వెలిగితే తప్పు ఎవరిది?

అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి చేరే 42వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా ఉన్న పల్లెల వ్యవసాయం చాలావరకు పికప్ బండి మీద ఆధారపడి నడుస్తుంది. తోటలో కోసిన టమాటాను క్రేట్లకెత్తి మదనపల్లె మండీలకు చేర్చేదీ, పుంగనూరు చుట్టుపక్కల పాలక్యాన్లను మోసేదీ, కుప్పం వైపు కూరగాయలను రాష్ట్రం ఎల్లలు దాటించేదీ ఎక్కువగా బొలేరో పికప్పో, పాత టాటా 207యో, 2005లో 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో వచ్చిన టాటా ఏసో అయి ఉంటుంది. ఏళ్ల తరబడి తిరిగి, చేతులు మారి, ఇప్పటికీ లోడు మోస్తున్న ఇలాంటి బండ్లలో యజమానిని అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టేది డాష్‌బోర్డు మీద నూనెకుప్పె బొమ్మతో వెలిగే చిన్న ఎర్రదీపం. దాన్ని వెలిగించేది ఇంజన్ బ్లాకుకు బిగించిన బొటనవేలంత భాగం. దీన్ని మెకానిక్ షెడ్లలో ఆయిల్ స్విచ్ అనీ, కంపెనీ పుస్తకాల్లో ఆయిల్ ప్రెషర్ సెన్సర్ అనీ వ్యవహరిస్తారు.

ఈ దీపం ఏం చెబుతుందో తెలియాలంటే ముందు నూనె నడక తెలియాలి. ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్‌లో ఉన్న నూనెను జల్లెడ గుండా పంపు పైకి లాగి, ఫిల్టర్ దాటించి, బ్లాకు పొడవునా తొలిచిన ప్రధాన నాళంలోకి తోస్తుంది. అక్కడి నుంచి అది క్రాంక్‌షాఫ్ట్ బేరింగులకూ, క్యామ్‌షాఫ్ట్‌కూ చేరుతుంది. పంపు తోసే ఒత్తిడే క్రాంక్ బరువును మోస్తుందని చాలామంది అనుకుంటారు గాని వాస్తవం వేరు. 1883 ప్రాంతంలో బ్రిటన్‌లో రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్న బీచమ్ టవర్ అనే ఇంజనీరు, బేరింగుకు వేసిన రంధ్రంలో నుంచి నూనె ఉబికి వస్తుంటే చెక్క బిరడా కొట్టగా, అది కూడా నిలవక బయటికి తోసుకొచ్చింది. అక్కడ గేజీ బిగించి చూస్తే ఒత్తిడి చదరపు అంగుళానికి 200 పౌండ్లు మించింది. తిరిగే ఇరుసే నూనెను సందులోకి ఈడ్చుకుపోయి, తనను తాను పైకెత్తుకునే పొరను తయారుచేసుకుంటుందని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితపరంగా నిరూపించాడు. అంటే పంపు పని బరువు మోయడం కాదు, ఆ పొర తెగకుండా నూనెను ఎడతెగక అందించడం. ఆ సరఫరా ఆగితే ఉక్కు ఇరుసు బేరింగు లోహాన్ని నేరుగా రాసుకుని, కొద్దిసేపట్లోనే ఇంజన్ పట్టేస్తుంది.

పాత పికప్పుల ఆయిల్ స్విచ్‌లో ఉండేవి ఒక పలుచని పొర, ఒక స్ప్రింగు, ఒక జత విద్యుత్ స్పర్శలు మాత్రమే. తాళం తిప్పగానే దీపానికి కరెంటు ఒక వైపు నుంచి అందుతుంది, రెండో వైపు తీగ ఈ స్విచ్ దాకా వచ్చి, స్విచ్ ఒంటి ద్వారా ఇంజన్‌కు ఎర్త్ అవుతుంది. ఒత్తిడి లేనప్పుడు స్పర్శలు కలిసి ఉంటాయి కాబట్టి దీపం వెలుగుతుంది, ఇంజన్ స్టార్టయ్యాక నూనె ఆ పలుచని పొరను నెట్టి స్పర్శలను విడదీయగానే ఆరిపోతుంది. స్టార్ట్ చేయకముందు తాళం తిప్పితే దీపం తప్పనిసరిగా వెలగాలన్నది ఇందులోని కీలకం. అది వెలగని బండి ఆరోగ్యంగా ఉన్న బండి కాదు, హెచ్చరించే నోరు పోగొట్టుకున్న బండి. ముల్లున్న గేజీ గల బండ్లలో స్విచ్‌కు బదులు సెండర్ ఉంటుంది. అందులో ఒత్తిడిని బట్టి విద్యుత్ నిరోధం మారుతుంది. కొన్ని సెండర్లలో ఒత్తిడి పెరిగితే నిరోధం పెరుగుతుంది, మరికొన్నిటిలో తగ్గుతుంది కాబట్టి, ఒకదాని స్థానంలో ఇంకొకటి బిగిస్తే ముల్లు తలకిందులుగా చెబుతుంది.

దీపం ఆరి ఉంటే అంతా బాగున్నట్టేనన్న నమ్మకం కూడా అంతే ప్రమాదకరమైనది. ఈ స్విచ్‌లు సాధారణంగా అర బారు (బారు అనేది ఒత్తిడి కొలత) దరిదాపుల్లోనే, అంటే ఒత్తిడి దాదాపు అడుగంటినప్పుడే దీపాన్ని వెలిగిస్తాయి. నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్ల ఒత్తిడి, అంటే 0.7 బారు ఉండాలన్నది మెకానిక్కులు పాటించే మోటు లెక్క. ఆ లెక్కన 2,500 చుట్ల మీద 1.7 బారు రావలసిన ఇంజన్ 0.8 బారుతో ఈడ్చుకొస్తున్నా దీపం నోరెత్తదు.

ఈ ప్రాంతపు నేల తీరు సమస్యను ఇంకొంత జటిలం చేస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ పీఠభూమి మీద ఉన్న ఊళ్లు. చిత్తూరు వైపు దిగాలన్నా అటు నుంచి ఎక్కాలన్నా సాధారణంగా మొగిలి ఘాట్, తిరుపతి వైపైతే భాకరాపేట ఘాట్ దాటాలి. లోడుతో, చిన్న గేర్లో ఘాటు ఎక్కిన ఇంజన్‌లో నూనె బాగా వేడెక్కి పలచబడుతుంది. ఆ వెంటనే మార్కెట్ గేటు ముందు వరుసలో నిలిచి ఐడిలింగ్‌లో పడినప్పుడు పంపు నెమ్మదించి, అరిగిన బేరింగు సందుల్లో నుంచి పలచని నూనె సులువుగా జారిపోయి, దీపం మిణుకుమిణుకుమంటుంది. మలుపుల్లోనూ బ్రేకు వేసినప్పుడూ మాత్రమే వెలిగి ఆరిపోతుంటే కథ వేరు. అది చాంబర్‌లో నూనె తగ్గి, బండి ఒరిగినప్పుడల్లా జల్లెడ గాలి పీలుస్తున్నదానికి గుర్తు. ఇక వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాటి నుంచి మొదలైన దీపం విషయంలో మొదట అనుమానించవలసింది నీళ్లు చేరిన తీగ కనెక్టర్‌ను.

సరుకు పాడయ్యే లోగా మండీ చేరవలసిన బండి ఎర్రదీపాన్ని చూసి రోడ్డు పక్కన ఆగిపోవాలని చెప్పడం తేలిక, ఆచరించడం కష్టం. 2023 జూలై చివర మదనపల్లెలో మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరిన రోజుల్లో ఒక ట్రిప్పు ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. ధర పడిపోయిన రోజుల్లోనేమో రిపేరుకు చేతిలో డబ్బుండదు. అందుకే దీపం విసిగిస్తుంటే స్విచ్ తీగను పీకి పక్కన పెట్టే అలవాటు పుట్టింది. దాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అబద్ధపు హెచ్చరికలు పదేపదే విన్నవాడు నిజమైన హెచ్చరికను కూడా అలాగే లెక్కగడతాడు. అయితే నష్టపు లెక్క మాత్రం మారదు. స్విచ్ ఖర్చు ఇంజన్ ఆయిల్ డబ్బా ధరను మించదు, ఇంజన్ బోరుకు వస్తే పోయేది ఒక పంట రాబడి.

కాబట్టి స్విచ్ మార్చడానికి ముందు తేల్చవలసింది స్విచ్ అబద్ధమాడుతోందా, ఇంజన్ నిజం చెబుతోందా అన్నది. దీపం వెలిగిన వెంటనే ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, నూనె కొలకడ్డీ చూడాలి. మట్టం సరిగ్గా ఉండి, నూనె డీజిల్ వాసన కొట్టకపోతే, తాళం మాత్రమే తిప్పి తీగను స్విచ్ నుంచి లాగాలి. అప్పుడు దీపం ఆరితే తీగ మంచిదే, ఆరకపోతే తీగ ఎక్కడో బాడీకి తగిలి ఉంది. ఈ పరీక్ష తీగకే గాని ఒత్తిడికి కాదు. స్విచ్ విప్పి, అదే రంధ్రంలో నూనె గొట్టంతో పనిచేసే మెకానికల్ గేజీ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లోనూ రేసు ఇచ్చీ చూసినప్పుడే అసలు ఒత్తిడి తెలుస్తుంది. పావుగంట పట్టే ఈ కొలతను ఎగ్గొట్టి నేరుగా కొత్త స్విచ్ బిగించడమే ఈ పనిలో అన్నిటికంటే సామాన్యంగా జరిగే పొరపాటు. స్విచ్‌లోని పొర చిరిగి, తీగ తగిలే మొన దగ్గర నూనె కారుతుంటే మాత్రం వేరే రుజువు అక్కరలేదు, అది మార్చవలసిందే.

మార్పిడిలో బలం కంటే చూపు ముఖ్యం. చాలా ఇంజన్లలో స్విచ్ ఆయిల్ ఫిల్టర్ దగ్గర గాని, బ్లాకు పక్కన ప్రధాన నాళం మీద గాని ఉంటుంది. చుట్టూ పేరుకున్న మట్టి, జిడ్డు ముందే తుడవాలి, లేకపోతే అది విప్పిన రంధ్రంలో నుంచి నేరుగా బేరింగుల దారి పడుతుంది. పొడవాటి బాక్స్ స్పానర్‌తో విప్పగానే కొంత నూనె కారుతుంది, గుడ్డ సిద్ధంగా ఉంచుకోవాలి. అసలు చిక్కు మరల దగ్గర వస్తుంది. పైకి ఒకేలా కనిపించే స్విచ్‌లలో ఒకదానికి అంగుళానికి 27 మరలున్న అమెరికా కొలత, ఇంకొకదానికి 28 మరలున్న బ్రిటిష్ కొలత, మూడోదానికి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ కొలత ఉండవచ్చు. మొదటి రెండూ ఒకదాని రంధ్రంలో ఇంకొకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుంటాయి. అదే సరైన బిగువనుకుని స్పానర్ లాగితే బ్లాకు మరలు చెడతాయి. అందుకే పాత స్విచ్‌ను జేబులో వేసుకుని, దాని మీది నంబరుతో సరిపోల్చి కొనడం మంచిది. కుళాయిలకు చుట్టే తెల్ల టేపు వాడకపోవడం మేలు. ఒక ముక్క తెగి నాళంలో పడవచ్చు, మందంగా చుడితే ఎర్త్ అందక దీపమే వెలగకపోవచ్చు. చేతితో తిప్పగలిగినంత తిప్పి, ఆపై స్పానర్‌తో కొద్దిగా మాత్రమే బిగించాలి.

బిగించాక తాళం తిప్పితే దీపం వెలగాలి, స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లలో ఆరాలి, ఇంజన్ వేడెక్కాక మరల చుట్టూ చెమ్మ కనిపించకూడదు, కారిన మేరకు నూనె మళ్లీ పోయాలి. కొత్త స్విచ్‌తోనూ దీపం వెలిగే ఉంటే ఇంజన్ ఆపి చాంబర్ విప్పించాలి. జల్లెడకు పట్టిన మడ్డి ఒక్కటే కారణమైతే కడిగితే సరిపోతుంది. బేరింగు షెల్ మీది తెల్లలోహం అరిగి కింద రాగిరంగు బయటపడి ఉంటే షెల్స్ మార్చాలి, క్రాంక్ మీద గీతలు పడ్డాయో లేదో కూడా అప్పుడే కొలిపించాలి.