వేసవి సెలవుల విమానం టికెట్: ఆ ధర ఎక్కడి నుంచి వస్తుంది?

మన స్కూల్లో కొందరు పిల్లల నాన్నలు కువైట్‌లో, దుబాయ్‌లో పని చేస్తున్నారు. పరీక్షలు అయిపోగానే అమ్మతో కలిసి అక్కడికి వెళ్లాలని ఆ పిల్లలు జనవరి నుంచే రోజులు లెక్కపెడుతుంటారు. టికెట్లు మాత్రం చాలా ఇళ్లలో ఏప్రిల్‌లో కొంటారు. రేటు చూసి "డీజిల్ పెరిగింది కదా మేడమ్, అందుకే" అంటారు. అందులో నిజం ఉంది, కానీ కొంతే.

విమానంలో పోసేది డీజిల్ కాదు. ఏటీఎఫ్ అనే, బాగా శుద్ధి చేసిన కిరోసిన్ రకం ఇంధనం. మన దేశంలో విమాన కంపెనీల ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, దాదాపు 40 శాతం వరకు ఉంటుంది. ఆయిల్ కంపెనీలు దీని ధరను ప్రతి నెలా 1వ తేదీన మారుస్తాయి. 2022 జూన్‌లో ఢిల్లీలో ఇది లీటరు 141 రూపాయలు దాటింది. 2023 అక్టోబర్ 6 నుంచి ఇండిగో ఒక్కో టికెట్‌పై దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఫ్యూయల్ చార్జి వేసింది. ఏటీఎఫ్ ధర తగ్గాక 2024 జనవరి 4న తీసేసింది.

ఎంత దూరమైనా ఆ చార్జి 1,000 రూపాయలకు మించలేదు. కానీ ఒకే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరి టికెట్ రెండోవారి టికెట్‌కు రెట్టింపు ఉండొచ్చు. ఇద్దరికీ కాలే ఇంధనం ఒక్కటే. తేడా ఎక్కువగా కొన్న రోజును బట్టి వస్తుంది.

పుంగనూరు నుంచి బెంగళూరుకు ఆర్టీసీ బస్సులో ముందు ఎక్కినా చివర ఎక్కినా ఒకటే చార్జీ. విమానంలో అలా కాదు. సీట్లను మెట్లుగా విడగొడతారు. లెక్క కోసం అనుకుందాం: మొదటి 30 సీట్లు 12,000, తర్వాతి 50 సీట్లు 16,000, అలా పెరుగుతూ చివరి కొన్ని 30,000. కింది మెట్టు నిండగానే కంప్యూటర్ పై మెట్టు ధర చూపిస్తుంది. సీట్లు మిగిలిపోతుంటే మళ్లీ కిందికి రావచ్చు కూడా, కానీ సెలవుల రోజుల్లో ఆ ఆశ పెట్టుకోవద్దు. మంగళవారం రాత్రి బుక్ చేస్తే చౌక అనే మాట నేనైతే నమ్మను.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. మీరు నలుగురికి ఒకేసారి వెతికారు, 12,000 మెట్టులో రెండు సీట్లే మిగిలాయి. చాలా సైట్లు నలుగురికీ 16,000 చూపిస్తాయి, మొత్తం 64,000. ముందు ఒక్కరికి వెతికి చూడండి. ధర తక్కువ కనిపిస్తే ఇద్దరిద్దరుగా బుక్ చేయండి, 56,000 అవుతుంది. (ఆరో తరగతికి ఈ లెక్క ఇస్తే వెనక బెంచీ నుంచే ముందు జవాబు వచ్చింది!) చిన్నపిల్లలు ఉంటే ప్రతి బుకింగ్‌లో ఒక పెద్దవారు ఉండేలా చూసుకోండి.

తిరుగు ప్రయాణం సంగతి చాలామంది ఆలోచించరు. మన బడులు ఏప్రిల్ చివర్లో మూసి, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. గల్ఫ్‌లో ఎండలు ముదిరే జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి స్కూళ్లకు సెలవులు. మన పిల్లలు వెనక్కి వచ్చే రోజుల్లోనే అక్కడి కుటుంబాలు ఊళ్లకు బయలుదేరడం మొదలవుతుంది. ఇటు వచ్చే టికెట్ మండేది అందుకే. బక్రీద్ కూడా దగ్గర్లో పడితే చెప్పక్కర్లేదు. వీలైతే మే నెలలోనే తిరిగి వచ్చేలా చూడండి. రానూ పోనూ కలిపి, పరీక్షల తేదీలు తెలిసిన వారంలోనే కొనేయండి. చివరి పరీక్షకు ముందు రోజుకు టికెట్ తీసి లీవ్ లెటర్ పంపితే మాత్రం మాకు చాలా ఇబ్బంది.

టికెట్ రద్దు చేసుకోవాల్సి వస్తే ఏమీ రాదని వదిలేయకండి. డీజీసీఏ నిబంధన ప్రకారం క్యాన్సిలేషన్ చార్జి, అసలు టికెట్ ధర, ఫ్యూయల్ చార్జి కలిపిన మొత్తాన్ని మించకూడదు. ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు వెనక్కి ఇవ్వాల్సిందే. ఏజెంట్ దగ్గర కొన్నా అడగండి.

బుకింగ్‌కు ముందు పిల్లల పాస్‌పోర్టు తీసి తేదీ చూడండి. 15 ఏళ్లలోపు వారికి అది 5 ఏళ్లకే ఇస్తారు. యూకేజీలో తీసింది అయిదో తరగతికి వచ్చేసరికి అయిపోతుంది.