కర్పూరం, రీలు, బిలియర్డ్స్ బంతి

గుడియాత్తం గంగమ్మ శిరసు ఉత్సవంలో వెలిగించే కర్పూరానికీ, పాత సినిమా రీలుకీ, బిలియర్డ్స్ బంతికీ దగ్గరి చుట్టరికం ఉందని తెలుసా? ఒకప్పుడు బిలియర్డ్స్ బంతుల్ని ఏనుగు దంతంతో చేసేవారు. ఒక దంతం కోస్తే వచ్చేది కొద్ది బంతులే. దంతం ధర పెరిగిపోవడంతో, దానికి బదులు వేరే సరుకు కనిపెట్టినవారికి 10,000 డాలర్లు ఇస్తామని 1860లలో అమెరికాలోని ఫీలన్ అండ్ కొలెండర్ కంపెనీ ప్రకటించింది. ఆ వేటలో దిగిన జాన్ వెస్లీ హయత్, నైట్రోసెల్యులోజులో కర్పూరం కలిపి సెల్యులాయిడ్ తయారుచేసి 1870లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత 1889లో ఈస్ట్‌మన్ కంపెనీ నైట్రోసెల్యులోజుతోనే పారదర్శకమైన ఫిల్ము చేసి అమ్మడం మొదలెట్టింది. బంతి కోసం మొదలైన వెతుకులాట సినిమా దాకా వచ్చిందన్నమాట.

హయత్ తొలి బంతులు గట్టిగా ఢీకొంటే చిన్నపాటి పేలుడు శబ్దం వచ్చేదట. ఆ చప్పుడు వినగానే తన బిలియర్డ్స్ సెలూన్‌లో అందరూ తుపాకులు బయటికి తీస్తున్నారని కొలరాడో నుంచి ఒకాయన ఉత్తరం రాశాడని హయత్ స్వయంగా చెప్పుకున్నాడు.

నైట్రోసెల్యులోజుతో చేసిన ఈ నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. 2003 జనవరిలో పుణేలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వారి నైట్రేట్ రీళ్ళు వేలకొద్దీ బూడిదయ్యాయి. మన దేశంలో తీసిన మూకీ సినిమాలు పదమూడు వందలకు పైమాటే, మిగిలినవి మాత్రం బహు కొద్ది. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీసిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా మనకు దక్కలేదు. ఏ పాత రీలైనా ఈరోజు కళ్ళబడిందంటే, దాన్ని ఎవరో ఒకరు కడుపులో పెట్టుకుని కాపాడారనే లెక్క.

ఇక బిలియర్డ్స్ బల్ల మీదే ఆడే స్నూకర్ సంగతి. దాని నియమాలు పుట్టిన చోటు చూడాలంటే ఆలంగాయం వాళ్ళు సీమకు వెళ్ళక్కర్లేదు. జోలార్‌పేట మీదుగా పోయే నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఊటీ దారి పడితే చాలు. 1875లో జబల్‌పూర్ సైనిక మెస్‌లో నెవిల్ చేంబర్లిన్ అనే కుర్ర అధికారి ఈ ఆటకు నాంది పలికాడు. 1882లో దాని నియమాలు రాసి ఊటీ క్లబ్బులో గోడకి అంటించారు. సినిమా కెమెరా ఇంకా పుట్టని రోజులవి. 1938లో చేంబర్లిన్ ‘ది ఫీల్డ్’ పత్రికకు లేఖ రాయబట్టి ఆ చరిత్ర నిలిచింది.

హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లోని బిలియర్డ్స్ బల్ల లండన్‌కు చెందిన బరోస్ అండ్ వాట్స్ కంపెనీది. సోహో స్క్వేర్‌లో అదే కంపెనీ పేరున్న హాల్లో 1907లో టామ్ రీస్ వారాల తరబడి ఆడి, దెబ్బ తప్పకుండా సాగిన ఒకే బ్రేక్‌లో 4,99,135 పాయింట్లు కొట్టాడు. పాకెట్ మూతి దగ్గర రెండు బంతుల్ని ఇరికించి, తన బంతితో రెంటినీ తాకిస్తూ ఒక్కో దెబ్బకు రెండేసి పాయింట్లు! జనమూ పత్రికలవాళ్ళూ మొదటినుంచి చివరిదాకా ఉండి చూడలేదని దాన్ని అధికారిక రికార్డుగా ఒప్పుకోలేదు. ఆ దెబ్బను కూడా నిషేధించారు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది వాల్టర్ లిండ్రమ్ ఆట. ఈ ఆస్ట్రేలియా ఆటగాడు 1932 జనవరిలో లండన్ థర్స్టన్ హాల్లో జో డేవిస్ మీద 4,137 పాయింట్ల బ్రేక్ కొట్టాడు. ఆయన పాత ఫిల్ముల్లో నర్సరీ క్యానన్లు చూడండి. కుషన్ వెంబడి మూడు బంతులూ గుప్పెడు జాగాలో ఉంటాయి. క్యూ అంగుళమో రెండంగుళాలో కదులుతుంది. తెల్ల బంతి ఎర్రదాన్ని ముట్టి, పక్కదాన్ని తాకి ఆగుతుంది. మూడూ మళ్ళీ అదే పొందికలో, ఇంకాస్త ముందుకి జరిగి ఉంటాయి. మణికట్టు తప్ప మనిషి కదలడు. రెండు తెల్ల బంతుల్లో ఏది ఎవరిదో తెలిసేది ఒకదాని మీదున్న నల్ల చుక్కతోనే. నలుపు తెలుపు ఫిల్ములో ఆ చుక్క కోసం కళ్ళు చికిలించి వెతకాల్సిందే.

ఆ 4,137 బ్రేక్‌కు దాదాపు మూడు గంటలు పట్టింది. నిమిషానికి 90 అడుగుల చొప్పున మొత్తం ఫిల్ము తీయాలంటే 16 వేల అడుగుల దాకా కావాలి. న్యూస్‌రీల్‌వాళ్ళు ఇచ్చేదేమో నిమిషమో రెండు నిమిషాలో. అందుకే పాత ఫిల్ముల్లో గారడీ దెబ్బలే ఎక్కువ కనిపిస్తాయి. పోటీ ఆటలోని ఓపిక, వరసగా వందల దెబ్బలు తప్పకపోవడం రీళ్ళకు ఎక్కలేదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

హాస్యనటులకు మాత్రం ఈ బంతుల ఆట బాగా అచ్చొచ్చింది. డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ నటించిన 1915 నాటి ‘పూల్ షార్క్స్’లో బంతులు వాటంతటవే నడుస్తాయి. ఒక్కో ఫ్రేమూ విడిగా తీసిన మాయ అది. 1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’లో 13వ నెంబరు బంతిలో పేలుడు మందు ఉంటుంది. బస్టర్ కీటన్ దాన్ని తాకకుండా మిగతా బంతులన్నీ కొట్టేస్తాడు.

కెమెరా అందుకోలేకపోయినవీ ఉన్నాయి. 1979 జనవరిలో ఇంగ్లండ్‌లోని స్లౌలో జాన్ స్పెన్సర్ స్నూకర్‌లో గరిష్ఠమైన 147 బ్రేక్ కొట్టాడు. హాల్లో టీవీ బృందం ఏర్పాట్లున్నా ఆ సమయానికి కెమెరాలు తిరగడం లేదు. టీవీలో తొలి 147 చూసే అదృష్టం ప్రేక్షకులకు 1982లో స్టీవ్ డేవిస్ పుణ్యమా అని కలిగింది.

వ్యక్తిగత క్రీడలో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయుడు బిలియర్డ్స్ ఆటగాడే. పుణేలో పుట్టిన విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో, మళ్ళీ 1964లో న్యూజీలాండ్‌లో ప్రపంచ అమెచ్యూర్ విజేత అయ్యాడు. మన పిల్లలకు ఆయన పేరు చెప్పాలి.

బ్రిటిష్ పాథే సంస్థ 2014లో తన దగ్గరున్న 85 వేల ఫిల్ములను యూట్యూబులో పెట్టింది. లిండ్రమ్, జో డేవిస్ పేర్లతో వెతికితే వీళ్ళ ఆట దొరుకుతుంది.