తాతయ్య డబ్బాలో పేరు లేని బోర్డు

సంక్రాంతి సెలవులకి అమ్మమ్మవాళ్ళ ఊరెళ్ళినప్పుడు అటక మీంచి రెండు వస్తువులు దింపాం. ఒకటి తాతయ్య మైక్ సెట్టు నాటి రికార్డ్ ప్లేయరు. రెండోది రేకు డబ్బా. అందులో పాత పంచె ముక్కలో చుట్టిన రెండు సర్క్యూట్ బోర్డులు. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ పాటలు వేసిన యాంప్లిఫయరు పెట్టె ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కేసింది. ప్లేయరు మాత్రం తిరుగుతోంది. దాని తీగ తీసి మావయ్య హోమ్ థియేటర్‌కి తగిలిస్తే పాట దోమ పాడినట్టు వచ్చింది, సన్నగా, ఎక్కడో దూరంగా.

"ముల్లు పోయుంటుంది, వదిలెయ్యరా" అన్నాడు మావయ్య. అమ్మమ్మ డబ్బా వైపు చూపించి, "మధ్యలో ఇదేదో ఉండేదిరా. మీ తాతయ్య దీన్నే బాగుచేసుకుంటూ కూర్చునేవాడు" అంది.

రెండిట్లో ఏది "ఇదేదో"? ఒక్కదాని మీదా పేరు లేదు, మోడల్ నంబరు లేదు. రెండూ పట్టుకుని హాస్టల్‌కి వచ్చేశాను.

మొదటి బోర్డుని నేనే కాల్చాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం. వెడల్పాటి రాగి ట్రాక్ కనిపిస్తే అది గ్రౌండేనని, గ్రౌండంటే మైనస్సేనని మనకి అలవాటైపోయింది కదా. అలాగే 9 వోల్టుల మైనస్ దానికి కలిపాను. కాసేపటికే కెపాసిటరు ఉబ్బింది, ట్రాన్సిస్టర్లు వేడెక్కాయి, రూమ్మేటు కిటికీ తెరిచాడు.

తప్పెక్కడో తర్వాత చదువుకుంటే తెలిసింది. ఆ ట్రాన్సిస్టర్ల మీద ఏసీ128 అని ఉంది. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం 'ఏ' అయితే జెర్మేనియం, 'బీ' అయితే సిలికాన్. రెండో అక్షరం పని చెబుతుంది: 'సీ' అంటే తక్కువ పవర్ ఆడియో, 'డీ' అంటే ఎక్కువ పవర్ ఆడియో, 'ఎఫ్' అంటే రేడియో ఫ్రీక్వెన్సీ. ఏసీ128 పీఎన్‌పీ రకం. అలాంటివి వాడిన పాత సర్క్యూట్లు చాలావాటిలో గ్రౌండు ట్రాక్‌కి వెళ్ళేది ప్లస్. పైగా ఆ బోర్డు మీద చిన్న చతురస్రపు లోహపు డబ్బాలు, వాటి నెత్తిన రంగు మరలు ఉన్నాయి. అవి రేడియోలో 455 కిలోహెర్ట్జ్ దగ్గర ట్యూన్ చేసే కాయిల్స్. అది రేడియో అని దాని నుదుటి మీదే రాసుంది. చూడలేదంతే.

అందుకని రెండో బోర్డుకి కరెంటు ఇవ్వకుండా మూడు రోజులు ఉత్తినే చూశాను. మల్టీమీటరు, భూతద్దం, తెల్ల కాగితం, అంతే సరంజామా. ట్రాకులన్నీ కాగితం మీదకి ఎక్కిస్తుంటే బోర్డు ఎడమ సగం, కుడి సగం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని తేలింది. అంటే స్టీరియో. సగానికి రెండు చొప్పున బీసీ149లు ఉన్నాయి. సిలికాన్, ఎన్‌పీఎన్, అందులోనూ గురగుర తక్కువ ఉండే రకం. అంత నెమ్మదైన ట్రాన్సిస్టరు పెట్టారంటే లోపలికొచ్చే సిగ్నల్ బాగా చిన్నదన్నమాట. పెద్ద కెపాసిటరు మీద 7931 అని ఉంటే 1979లో 31వ వారం అని చదువుకున్నాను. ఈ నాలుగంకెల లెక్కతో జాగ్రత్త. ఇంకో పాత బోర్డు మీద 4558 చూసి తారీఖనుకున్న సీనియర్ ఒకాయన మా బ్రాంచిలోనే ఉన్నాడు. ఏడాదికి 58 వారాలుండవు, అది ఆప్ ఆంప్ నంబరు.

చిన్న సిగ్నల్ సరే, దేన్నుంచి? మైక్ నుంచి రావచ్చు, టేపు హెడ్ నుంచి రావచ్చు, రికార్డు ముల్లు నుంచీ రావచ్చు. ఇన్‌పుట్ దగ్గర పసుపు, ఊదా, నారింజ పట్టీల రెసిస్టరు ఉంది. అంటే 47 కిలో ఓములు. మాగ్నెటిక్ కార్ట్రిజ్‌కి మామూలుగా ఇచ్చే లోడు ఇదే. సెరామిక్ కార్ట్రిజ్ అయితే మెగా ఓము దాకా అడుగుతుంది. అయినా ఒక్క రెసిస్టరు సాక్ష్యం చాలదు. అసలు సాక్ష్యం రెండో ట్రాన్సిస్టరు నుంచి మొదటిదాని ఎమిటర్‌కి వెనక్కొచ్చే దారిలో దొరికింది. అక్కడ 330 కిలో ఓములకి పక్కపక్కన 10 నానోఫారడ్లు, దాని వెనకాలే 27 కిలో ఓములకి పక్కపక్కన 2.7 నానోఫారడ్లు.

గుణించి చూడండి. మొదటి జంట 3300 మైక్రోసెకండ్లు, రెండోది 73. రెండు రెసిస్టర్లనీ సమాంతరంగా తీసుకుని, రెండు కెపాసిటర్లనీ కూడి గుణిస్తే 317. రికార్డుల కోసం 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ ప్రమాణంలోని అంకెలు 3180, 318, 75. ఈ లెక్క కాగితం మీద తేలేసరికి రాత్రి ఒంటిగంట. లేచి కారిడార్‌లో రెండు చుట్లు తిరిగొచ్చాను.

ఇంతకీ ఆ ప్రమాణం ఎందుకంటే, రికార్డు చెక్కేటప్పుడు లోతైన స్వరాలని ఉన్నదున్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. అందుకని బేస్ తగ్గించి చెక్కుతారు. పై స్వరాలని పెంచి చెక్కుతారు, వినేటప్పుడు వాటిని తగ్గిస్తే గాడి రాపిడి చప్పుడు కూడా వాటితోపాటు తగ్గుతుంది. చెక్కినప్పుడు చేసిన వంకర వినేటప్పుడు సరిచెయ్యాలి. ఆ సరిచేసేది మధ్యలో లేకపోతే? దోమ పాడుతుంది. మావయ్య ముల్లుని అనవసరంగా తిట్టాడు.

బోర్డు మీదున్న జెనర్ 18 వోల్టులది, ఎలక్ట్రోలైటిక్‌లు 25 వోల్టులవి. వాటిని కొత్తవి వేసి, జెనర్ ముందున్న రెసిస్టరు వైపు నుంచి రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఇచ్చాను. ఈసారి మైనస్ ఎటో నాలుగుసార్లు చూసుకున్నాను. ల్యాబ్ జెనరేటరు 2 మిల్లీవోల్టులంత చిన్నగా ఇవ్వదు కాబట్టి, 2 వోల్టులని 10 కిలో ఓములు, 10 ఓములతో వెయ్యో వంతుకి దించాను. 1000 హెర్ట్జ్ దగ్గర సుమారు 150 మిల్లీవోల్టులు వచ్చింది. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 1 వోల్టు, 10,000 దగ్గర 30 మిల్లీవోల్టులు. కాగితం మీద వంపు తెర మీద కనిపించింది.

ఒక్కటే అర్థం కాలేదు. రెండు అవుట్‌పుట్‌ల నుంచీ చెరో 10 కిలో ఓముల రెసిస్టరు బయల్దేరి ఒకే తీగలో కలుస్తున్నాయి. అవి బోర్డు పైన లేవు, రాగి వైపు ఉన్నాయి. టంకం లావుగా, వంకరగా ఉంది, ఫ్యాక్టరీ చెయ్యి కాదు. స్టీరియో బోర్డు తెచ్చి రెండు ఛానళ్ళూ కలిపెయ్యడమెందుకు?

ఉగాదికి ఊరెళ్ళి బిగించాక అమ్మమ్మని అడిగాను.

"కొబ్బరిచెట్టుకి కట్టే హారన్ ఒకటే కదరా మనకి. కొన్ని పాటల్లో ఆవిడ గొంతు ఒకవైపే వినిపించేదట. ఊరికి ఆయన గొంతొక్కటే వినబడితే ఎలా అని ఏదో అతికించాడు."

రికార్డు వేశాం. బేస్‌తో సహా పాట నిండుగా వచ్చింది. ఎడమ ట్రాన్సిస్టరు ఒకటి కాస్త గురగురమంటోంది, మార్చాలి. ఆ రెండు రెసిస్టర్లు తీసేస్తే స్టీరియో వస్తుంది కదరా అన్నాడు మావయ్య. వస్తుంది. తియ్యలేదు.