పెన్ డ్రైవ్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అంటే తొందరపడి ఓకే నొక్కకండి

అమ్మమ్మ చేత పాడించి దాచుకున్న మంగళహారతులు, తాతగారు చెబుతుంటే రాసుకున్న వంశవృక్షం, సంఘం పాత మినిట్స్ పుస్తకాల ఫొటోలు... మన ఇళ్లలో ఇలాంటివన్నీ చాలావరకు ఏదో ఒక పెన్ డ్రైవ్‌లోనో పాత హార్డ్ డిస్క్‌లోనో ఉంటాయి. ఒకరోజు దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. చాలామంది ఓకే నొక్కేస్తారు. అమ్మమ్మ గొంతు అక్కడితో పోవచ్చు.

నిజానికి ఆ పెట్టె ‘డిస్క్ ఖాళీగా ఉంది’ అనడం లేదు, ‘పాడైపోయింది’ అని కూడా అనడం లేదు. ‘ఇందులో రాసి ఉన్నది నాకు అర్థం కాలేదు’ అంటోంది, అంతే. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలియాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

డ్రైవర్ అంటే మధ్యలో ఉండే దుబాసి

తెలుగు తప్ప మరో మాట రాని పెద్దావిడను తాలూకా ఆఫీసుకు తీసుకెళ్లామనుకోండి. అక్కడి గుమస్తాకు కన్నడమో తమిళమో ఒడియానో తప్ప తెలుగు రాదు. మధ్యలో మనవడు నిలబడి ఆమె మాట వాళ్లకూ, వాళ్ల మాట ఆమెకూ చెబుతాడు. మన ఇళ్లలో ఇది అందరికీ అలవాటైన పనే. కంప్యూటర్‌లో ఆ మనవడి పేరు డ్రైవర్.

విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ప్రతి కంపెనీ కీబోర్డు, ప్రింటర్, డిస్క్ భాషా తెలియదు. ఏ పరికరం సంగతి ఆ పరికరం డ్రైవర్‌కు తెలుస్తుంది. దాని పని మూడు భాగాలు: పరికరం నుంచి వచ్చిన ఇన్‌పుట్‌ను అందుకోవడం, అది ఏ ఫార్మాట్‌లో ఉందో గుర్తించడం, కుదరకపోతే ఎర్రర్ కోడ్ చెప్పడం.

ఇన్‌పుట్: కీబోర్డుకు ఏ భాషా రాదు

కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘కె’ ఉన్న కీ నొక్కామనుకోండి. యూఎస్‌బీ కీబోర్డు పంపేది అక్షరం కాదు, 14 అనే అంకె. ‘ఎ’ కీకి 4తో మొదలై వరుసగా లెక్కేస్తే ‘కె’కు 14 వస్తుంది. లినక్స్‌లో డ్రైవర్ దాన్ని తన పట్టికలో చూసి 37గా మార్చి పైకి పంపుతుంది. అప్పటికి కూడా అది అక్షరం కాదు. ఏ భాష లేఅవుట్ ఎంచుకున్నామో చూసిన తర్వాతే అది అక్షరమవుతుంది.

ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఆ కీ ‘క’. తెలుగు ఎంచుకుంటే తెలుగు ‘క’ వస్తుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 3093. అదే కీకి కన్నడంలో 3221, తమిళంలో 2965, ఒడియాలో 2837, మరాఠీకి వాడే దేవనాగరిలో 2325. అంటే బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూర్‌లో ఉన్న మన పిల్లలు ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకే కీ నొక్కి తమ బడి భాషలోనూ, ఇంటి భాషలోనూ ‘క’ రాయగలరు. వేలు చేసే పని ఒకటే, దానికి అర్థం చెప్పే పట్టిక మాత్రం వేరు.

ఫార్మాట్: పట్టిక దొరక్కపోతే రాత కనబడదు

ఫైలులో దాచినప్పుడు తెలుగు ‘క’ సాధారణంగా 224, 176, 149 అనే మూడు అంకెలుగా ఉంటుంది. ఆ మూడూ కలిసి ఒక తెలుగు అక్షరమని తెలిసిన ప్రోగ్రామ్ దాన్ని ‘క’ అని చూపిస్తుంది. తెలియనిది మూడు పిచ్చి గుర్తులు చూపిస్తుంది. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన పెళ్లి పత్రికలు, సంఘం సావనీర్‌లు ఇప్పుడు తెరిస్తే వింత గుర్తులు కనబడటానికి కారణం ఇలాంటిదే. అవి యూనికోడ్‌కు ముందరి పద్ధతిలో రాసినవి. ఫైలు చెడిపోలేదు, చదివే పట్టిక మారింది. ఆ ఫాంట్ వేసినా, యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రామ్ వాడినా మళ్లీ తెలుగు కనబడుతుంది.

డిస్క్ విషయంలోనూ అంతే. పెన్ డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఒక పట్టిక ఉంటుంది. దాన్ని అమర్చే పద్ధతే ఫైల్ సిస్టమ్. పెన్ డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండేవి ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్. విండోస్ హార్డ్ డిస్క్‌లలో ఎన్‌టీఎఫ్‌ఎస్. లినక్స్‌లో ఎక్కువగా ఎక్స్‌ట్4. డిస్క్ తగిలించగానే డ్రైవర్ మొదటి గడిలోని అంకెలు చదువుతుంది. సాధారణంగా ఆ గడిలో 512 బైట్లు ఉంటాయి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ మూడింటిలోనూ ఆ గడి చివరి రెండు బైట్లు 85, 170 ఉండాలి. మిగతా ఆనవాళ్లను బట్టి ఇది ఫలానా పద్ధతి అని పోల్చుకుంటుంది.

పోల్చుకోలేకపోతే విండోస్ ఆ డిస్క్‌ను ‘రా’ అని రాసుకుని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. కారణం పెద్దదే కానక్కర్లేదు. కాపీ అవుతుండగా పెన్ డ్రైవ్ లాగేస్తే పట్టిక సగంలో ఆగిపోయి ఉండవచ్చు. లేదా అది లినక్స్ వాడే అబ్బాయి ఎక్స్‌ట్4లో సిద్ధం చేసిన డిస్క్ కావచ్చు. అలాంటప్పుడు డిస్క్ నిక్షేపంగా ఉన్నా విండోస్ ఇదే మాట అడుగుతుంది.

ఓకే నొక్కితే ఏమవుతుంది? క్విక్ ఫార్మాట్ అయితే పాత పట్టిక తీసేసి కొత్త ఖాళీ పట్టిక రాస్తుంది. పాటలు ఇంకా లోపలే ఉన్నా వాటి చిరునామాలు పోతాయి. క్విక్ అన్న గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే, విస్టా నుంచి వచ్చిన విండోస్‌లన్నీ డిస్క్ అంతటా సున్నాలు రాస్తాయి. ఆ తర్వాత తిరిగి తెచ్చే దారి ఉండదు.

ఎర్రర్ కోడ్: అంకె ఒకటే, అర్థాలు వేరు

కుదరని పని ఎదురైతే డ్రైవర్ వాక్యాలు రాయదు. ముందే ఖాయం చేసిన జాబితాలోంచి ఒక అంకె ఎంచి పైకి పంపుతుంది. జాబితాలో సరిగ్గా సరిపోయేది లేకపోతే దగ్గరగా ఉన్నది ఎంచుతుంది. లినక్స్ పాత ప్రింటర్ డ్రైవర్ ఇందుకు మంచి ఉదాహరణ. కాగితం అయిపోతే అది 28 పంపుతుంది. లినక్స్‌లో 28 అంటే అసలు అర్థం ‘డిస్క్‌లో చోటు లేదు’. కాగితానికి విడిగా అంకె లేక ఆ అంకెనే వాడుకున్నారు. ప్రింటర్ కాగితం ఉందని, సిద్ధంగా ఉన్నానని చెబుతూనే తప్పు జరిగిందని కూడా అంటే ఆ డ్రైవర్ ‘ప్రింటర్ మంటల్లో ఉంది’ అని రాస్తుంది. నిజంగా మంట ఉందని కాదు, తప్పేమిటో తనకూ తెలియదని.

అందుకే అంకె ఒక్కటే చూసి లాభం లేదు, అది ఎక్కడ కనబడిందో కూడా చూడాలి. ఇంటి నంబరు 28 అంటే ఏ వీధిలో అని అడుగుతాం కదా, అలాగే.

- 5: లినక్స్‌లో చదవడమో రాయడమో విఫలమైందని. విండోస్‌లో అనుమతి లేదని.
- 19: లినక్స్‌లో అలాంటి పరికరం లేదని. విండోస్‌లో డిస్క్‌కు రాత తాళం పడి ఉందని.
- 23: విండోస్‌లో చదివిన డేటా సరిపోలడం లేదని. డిస్క్ అరిగిపోతోందనడానికి ఇది గుర్తు కావచ్చు.
- 1005: విండోస్‌కు ఫైల్ సిస్టమ్ గుర్తుపట్టలేని స్థితి. ఫార్మాట్ పెట్టె వెనక ఉండేది ఇదే.
- డివైస్ మేనేజర్‌లో 28: డ్రైవర్ వేయలేదని. అదే చోట 43: పరికరమే తనకు బాగోలేదని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని.

0ఎక్స్80070005 లాంటి పొడుగాటి కోడ్ చూసి కూడా కంగారు పడనక్కర్లేదు. 8007తో మొదలైతే చివరి నాలుగు స్థానాల్లో ఉన్నది విండోస్ మామూలు అంకే. ఇక్కడ అది 5, అంటే అనుమతి లేదు. 0ఎక్స్80070070 అయితే చివరి 70ని పదహారు లెక్కలో చదవాలి. ఏడు పదహార్లు 112, అంటే డిస్క్ నిండిపోయింది.

పెట్టె కనబడితే ఏం చేయాలి

ముందు క్యాన్సిల్ నొక్కండి. తెర మొత్తం ఫొటో తీసి పెట్టుకోండి. షాపు అతనికి ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అని చెప్పే బదులు ఆ ఫొటో చూపిస్తే సగం పని అయినట్టే.

తర్వాత మరో యూఎస్‌బీ పోర్టులో, ఆపైన మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. వీలైతే లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో కూడా చూడండి. ఎక్కడైనా తెరుచుకుంటే వెంటనే అంతా కాపీ చేసుకోండి. ఏ ఫైలు ఏమిటో తర్వాత చూసుకోవచ్చు.

తెరుచుకోకపోతే ఆ డిస్క్ మీద కొత్తగా ఏమీ రాయకండి. విండోస్‌లోని చెక్‌డిస్క్‌తో రిపేర్ చేయించడం కూడా అప్పుడే వద్దు, ఎందుకంటే రిపేర్ అంటే రాయడమే. తెలిసినవారైతే డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తానికి ఒక నకలు తీసి, ఆ నకలు మీద టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వాడతారు. మూడూ ఉచితమే. 23 గానీ, లినక్స్‌లో 5 గానీ వస్తుంటే పదేపదే తగిలించి చూడటం మానేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ‘డ్రైవ్ బాగుచేయండి’ అనకండి. ‘డ్రైవ్ పోయినా ఫర్వాలేదు, లోపల ఉన్నవి కావాలి’ అని చెప్పండి. బాగుచేయడమంటే ఫార్మాట్ చేసి ఇవ్వడమే అనుకునేవారు ఉంటారు.

మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు లేదు. పెద్దవాళ్లు పోయాక వాళ్ల యాస, వాళ్ల పాట, వాళ్లు చెప్పిన ఊళ్ల పేర్లు మళ్లీ రికార్డు చేయలేం. కొత్త పెన్ డ్రైవ్ బజార్లో కొన్ని వందలకు దొరుకుతుంది. కాబట్టి ఈ ఆదివారం ఇంట్లో ఉన్న పాత డ్రైవ్‌లన్నీ బయటికి తీయండి. తెరుచుకున్న ప్రతిదానికీ వేరే చోట ఒక కాపీ పెట్టండి. తెరుచుకోనిదాని మీద తారీఖు, కోడ్ రాసి పక్కన భద్రంగా ఉంచండి.